అమ్మమ్మ చీటీల డబ్బా

మా అమ్మమ్మకు రెండు కళ్ళున్నాయి. ఒకటి చూడటానికి, రెండోది ఆ చూసినదాన్ని నమ్మకుండా ఉండటానికి. పాలు పొయ్యి మీద పెట్టేముందు వాసన చూస్తుంది, కాగాక మళ్ళీ వాసన చూస్తుంది. తలుపుకు తాళం వేసి, లాగి చూసి, మెట్లు దిగి, ఏదో మర్చిపోయినదానిలా మళ్ళీ ఎక్కి, తాళానికి తెలియకుండా ఇంకోసారి లాగుతుంది. తాతయ్య ఇంటికొచ్చి "ఇవాళ బస్సు ఆలస్యమైంది" అంటే, "ఎవరు చెప్పారు?" అని అడుగుతుంది. తాతయ్య బస్సు డ్రైవరు. ఆ బస్సు నడిపేది ఆయనే.

ఆవులిస్తే పేగులు లెక్కపెట్టేవాళ్ళుంటారని అంటారు. అమ్మమ్మ లెక్కపెట్టి, ఒకటి తక్కువొచ్చిందేం అని నిలదీసే రకం.

ఇంత అనుమానం పెట్టుకుని ఆవిడ ఏ పోలీసు శాఖలోనో చేరాల్సింది. చేరింది మాత్రం బొమ్మల కథల ఆఫీసులో. గాల్లో ఎగిరేవాళ్ళు, ఒంటి చేత్తో రైలు ఆపేవాళ్ళు, గోడల్లోంచి దూరిపోయేవాళ్ళు ఉండే కథలవి. వాళ్ళ నోటి పక్కన తెల్లటి బుడగలుంటాయి కదా, ఆ బుడగల్లో మాటలు రాయడం అమ్మమ్మ పని. కంప్యూటర్లు రాని రోజులు. తెల్ల కాగితం మీద నల్ల సిరాతో, సన్నపాళీ కలంతో రాసి, బుడగ కొలతకు కత్తిరించి, చీటీలు చేసి ఇచ్చేది. వాటిని బొమ్మల మీద అంటించడానికి వేరే మనిషి ఉండేది.

ఆఫీసు ఓ టైర్ల దుకాణం మీద, ఇనుప మెట్లెక్కితే వచ్చే పొడుగాటి గది. పొద్దంతా రబ్బరు వాసన. కిటికీ పక్కన అమ్మమ్మ బల్ల, దాని మీద సిరాబుడ్డి, కలాలు తుడుచుకునే గుడ్డ, ఇంకా ఒక బిస్కెట్ల డబ్బా. డబ్బాలో బిస్కెట్లు ఉండేవి కావు. మిగిలిపోయిన చీటీలుండేవి. ఒక బుడగకు రెండుసార్లు రాయాల్సి వస్తే బాగా రానిదాన్ని పారేసేది కాదు. కథ మారి వద్దన్న మాటలనూ పారేసేది కాదు. "ధడేల్", "ఎవరక్కడ?", "అయ్యో నా వంతెన", "నిన్ను వదలను", "వదిలెయ్" అన్నీ ఆ డబ్బాలోకే పోయేవి. ఎప్పుడైనా అంటించిన చీటీ ఊడిపోతే సమయానికి అక్కరకొస్తాయని.

ఆ ఆఫీసులో వీరులు చాలామంది. ఇనుప భుజం, గాలివాటం, నీడమనిషి, దీపాలక్క. ఎవరి పత్రిక వాళ్ళదే, కానీ అందరిదీ ఒకటే నగరం. ఒకరి కథలో కూలిన వంతెన ఇంకొకరి కథలో నిలబడి ఉండకూడదు. ఆఫీసు పెట్టిన ముసలాయన్ని అందరూ పెద్దాయన అనేవారు. ఆయన పెట్టిన నియమం ఒక్కటే: అచ్చయిందంటే జరిగిందన్నమాట. ఒకసారి అచ్చు యంత్రం దగ్గర ఎవడో రంగు డబ్బా మార్చి పోసేసరికి ఇనుప భుజం ఎడమ భుజం ఆకుపచ్చగా వచ్చింది. వేలకొద్దీ ప్రతులు బయటికి పోయాయి. అందరూ తలలు పట్టుకుంటే పెద్దాయన టీ ఊదుకుంటూ, "పచ్చగా అయిందా? ఎందుకైందో వచ్చే నెల చెప్పండి" అన్నాడు. వచ్చే నెల భుజం విషపు సముద్రంలో మునిగింది. అప్పటినుంచీ అది పచ్చగానే ఉంది. ఆ పచ్చదనంలోంచి కొత్త శక్తి కూడా పుట్టింది. పిల్లలు అదంతా ముందే ఆలోచించిన కథ అనుకున్నారు.

ఈ వీరులందరిలో అమ్మమ్మ మనిషి దీపాలక్క. పాపం, ఆమెకు సొంత పత్రిక కూడా సరిగ్గా లేదు, ఇనుప భుజం పత్రికలో చివరి పేజీల్లో కాపురం. పొడుగు కోటు వేసుకుని వీధి దీపాల కింద నడుస్తుంది. ఆమె నడిస్తే దీపాలు వెలుగుతాయి, ఆ వెలుగులో దొంగ దాక్కోలేడు. అంతే ఆమె శక్తి. పోట్లాట పెద్దగా రాదు.

ఆమె మొదటి కథలో, గోడ దూకుతున్న దొంగ కుర్రాణ్ణి పట్టుకున్నాక "న్యాయం నుంచి ఎవ్వరూ తప్పించుకోలేరు" అనాలని రచయిత రాసి పంపాడు. బుడగ చూస్తే చిన్నది. అమ్మమ్మ కలం పట్టుకుని కూర్చుంది. ఆ సంవత్సరమే అమ్మమ్మ వాళ్ళక్క పోయింది. తల్లి లేని అమ్మమ్మను పెంచింది ఆ అక్కే. పరీక్ష పోయిందని ఏడ్చినా, ఇంటి కప్పు కారినా, ఉద్యోగం ఊడినా ఆ అక్క నోట ఒకటే మాట: "ముందు ఏదైనా తిను, తర్వాత చూద్దాం." అమ్మమ్మ ఆ మాటే రాసి, కత్తిరించి ఇచ్చేసింది. బుడగలో చక్కగా పట్టింది.

ఎవరూ కనిపెట్టలేదు. రచయిత అది సంపాదకుడు మార్చాడనుకున్నాడు, సంపాదకుడు రచయిత రాశాడనుకున్నాడు. చదివేవాళ్ళకు నచ్చింది. ఆ తర్వాత అప్పుడప్పుడూ, బుడగ చిన్నదైనప్పుడల్లా, దీపాలక్క ఎవరో ఒకరికి ఆ మాట చెబుతూనే ఉంది. అమ్మమ్మ దృష్టిలో చాలా బుడగలు చిన్నవే.

ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. తాతయ్యకు చెబితే బస్సంతా తెలుస్తుందని భయం.

పెద్దాయనకు మోకాళ్ళు అరిగి ఇనుప మెట్లు ఎక్కడం తగ్గాక ఆయన చిన్నల్లుడు సంపాదకుడై వచ్చాడు. అందరూ అల్లుడు సారు అనేవారు, వెనకాల మాత్రం సారు తీసేసి. పత్రికలు అమ్ముడు పోవడం లేదని, వీరులు మరీ ఎక్కువై ఎవరూ గుర్తుండటం లేదని ఆయన బాధ. అందుకని 'మహా కలయిక' అని ఒకటి తలపెట్టాడు. పక్క లోకం ఒకటి వచ్చి ఈ లోకాన్ని గుద్దుకుంటుంది. వీరులందరూ ఒకే కథలో కలుస్తారు. చివర్లో చెరిపేవాడు అని ఒక మహా శక్తి దిగి, రెండు లోకాలనూ కలిపి ఒకటి చేసి, అక్కర్లేనివాళ్ళను తుడిచేస్తాడు. చంపడం కాదు. వాళ్ళు అసలెప్పుడూ లేనట్టే. పాత సంచికల్లో వాళ్ళు చేసినవేవీ జరగనట్టే.

గోడ మీద ప్రకటన అంటించారు: 'ఇక ఏదీ మునుపటిలా ఉండదు.'

"మా ఇంటి కప్పు బాగుచేసినవాడూ ఇదే అన్నాడు" అంది అమ్మమ్మ. "మునుపు ఒక చోట కారేది."

నవ్వింది గానీ లోపల గుబులు పట్టుకుంది. అక్కర్లేనివాళ్ళు అంటే ఎవరు? చివరి పేజీల్లో ఉండేవాళ్ళే కదా.

కథ బయటికి పొక్కకూడదని అల్లుడు సారు పని పద్ధతి మార్చేశాడు. బొమ్మలు ఎవరికీ పూర్తిగా చూపించేవాడు కాదు. మేడలు గీసే మాస్టారికి మేడలే, ముఖాలు గీసేవాడికి ముఖాలే. అమ్మమ్మకు బొమ్మలు బొత్తిగా లేవు. మాటలన్నీ ముక్కలు చేసి, కలిపేసి, ఎవరు ఎవరితో అంటున్నారో పేరు లేకుండా, ఒక్కో దానికీ అంకె వేసి ఇచ్చేవాడు. ఆమె రాసి ఇస్తే ఒక్కొక్కటీ తన కాగితంతో సరిచూసుకుని వెనక గదిలోకి తీసుకుపోయేవాడు. ఆ గది కిటికీ అద్దాలకు పాత కాగితాలు అంటించి ఉండేవి. లోపల బొమ్మల మీద చీటీలు అంటించేది జిగురమ్మ ఒక్కతే.

జిగురమ్మ అసలు పేరేమిటో ఎవరికీ అక్కర్లేదు. జిగురు డబ్బా, బ్రష్షు, ఒక తడిగుడ్డ, ముందు జేబున్న ఒక పాత ఏప్రాను. అమ్మమ్మకంటే చిన్నది, నోట్లో నాలుక ఉందా లేదా అన్నట్టుండేది. ఆమెను వెనక గదికి ఎందుకు ఎంచుకున్నాడంటే, ఆమెకు చదువు రాదు. అంకె చూసి అంటించడమే. ఏ మాట ఏ నోట్లో పడుతోందో తెలిసే అవకాశమున్న మనిషికి మాటే తెలియదు. ఇంతకంటే గట్టి తాళం ఏముంటుందని అల్లుడు సారు మురిసిపోయాడు.

తాళాల సంగతి అమ్మమ్మకు చెప్పాలా? ఆమె ఆ తాళాన్ని కూడా లాగి చూసింది.

ఎందుకంటే అప్పటికే బిస్కెట్ల డబ్బాలో చీటీలు తగ్గుతున్నాయి. ఎన్నున్నాయో లెక్కలేదు గానీ, పైన పెట్టిన "ధడేల్" కిందికి పోవడం, మడత లేని "అయ్యో"కు మడత రావడం ఆవిడ కంట పడకుండా ఉంటుందా? ఎవరో డబ్బాలో చెయ్యి పెడుతున్నారు. జిగురమ్మ బల్ల పక్కనే ఉంది. కాబట్టి జిగురమ్మే. చదువు రానిదానికి చీటీలెందుకు? అల్లుడు సారుకు చూపించడానికి. దేనికి? అమ్మమ్మ సొంత మాటలు కలుపుతోందని రుజువు చెయ్యడానికి. ఈ లెక్కన అమ్మమ్మ బుర్రలో ఒక మహా కలయిక ముందే జరిగిపోయింది.

డబ్బాకు చిన్న తాళం వేసింది. తాళాన్నీ నమ్మలేక, సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు మూత అంచు మీద తన తలవెంట్రుక ఒకటి అడ్డంగా పెట్టేది. పొద్దున వెంట్రుక లేకపోతే ఎవరో తెరిచినట్టు. తాతయ్య ఇది విని, "ఇలా రోజుకొకటి పోతే దొంగ దొరికేలోపు నీకు బట్టతల వస్తుందే" అన్నాడు.

వెంట్రుకతో ఆగలేదు. జిగురమ్మకు చదువు వచ్చో రాదో తేల్చాలనుకుంది. మంచి కాగితం తీసుకుని, అందమైన తలకట్లతో 'జిగురమ్మ దొంగ' అని రాసి, జిగురమ్మ బల్ల మీద అందరికీ కనిపించేలా పడేసింది. తన బల్ల దగ్గర కూర్చుని కలం తుడుస్తున్నట్టు నటిస్తూ ఓరకంట చూసింది.

జిగురమ్మ వచ్చింది. చీటీ చూసింది. ముఖంలో ఒక్క గీత కదలలేదు. చీటీ వెనక బ్రష్షుతో జిగురు రాసి, తన జిగురు డబ్బా మీద నీటుగా అంటించుకుంది.

అమ్మమ్మ కలం కింద పెట్టేసింది.

"ఏంటే అది?" అంది చివరికి.

"బోసిగా ఉన్న డబ్బా కదక్కా, ఏదైనా రాత ఉంటే అందంగా ఉంటుందని. నీ రాత బాగుంటుందిగా. ఏం రాసుంది దీని మీద?"

"జిగురు అని" అంది అమ్మమ్మ.

"మంచిదే" అంది జిగురమ్మ.

ఆ రోజునుంచి ఆ డబ్బా ఆఫీసంతా తిరిగింది. మేడల మాస్టారు చదివి దగ్గు తెచ్చుకుని కిటికీ దగ్గరికి పోయాడు. అమ్మమ్మ పీకేద్దామంటే జిగురమ్మ అంటించింది ఏదీ అంత తేలిగ్గా ఊడదు. గోళ్ళు అరిగాయి గానీ అక్షరం కూడా కదల్లేదు. చదువు రాదని తేలిపోయిందా అంటే, అమ్మమ్మ అదీ నమ్మలేదు. "మరీ తొణక్కుండా ఉంది. నిజంగా రానివాళ్ళు ఇంకాస్త తడబడతారు" అని తాతయ్యతో అంది.

ఇలా ఉండగా ఒక రోజు అల్లుడు సారు ఇచ్చిన కట్టలో ఒక మాట వచ్చింది: "నువ్వు లేవు. ఎప్పుడూ లేవు."

ఎవరు అంటున్నారో లేదు, ఎవరితో అంటున్నారో లేదు. చెరిపేవాడు తప్ప ఇంకెవరంటారు? ఎవరితో అన్నదే ప్రశ్న. అమ్మమ్మ ఆ మాట రాయకుండా పక్కన పెట్టి, కొలబద్ద అడిగే వంకతో మేడల మాస్టారి దగ్గరికి పోయింది.

"ఏం గీస్తున్నారు మాస్టారూ ఈమధ్య? అన్నీ కూలిన మేడలేనా?"

"కూలినవి తేలికమ్మా. నిలబెట్టడమే కష్టం." ఆయన కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "చూడకూడదు. అల్లుడుగారి ఆజ్ఞ."

"నాకెందుకు చూడటం? ఊరికే అడిగా."

"నువ్వు ఊరికే అడిగిన రోజు నేను కలం పారేస్తా." ఆయన నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, గొంతు తగ్గించాడు. "ఒక్క బొమ్మ మాత్రం నాకు అర్థం కాలేదు. పేజీ అంతా ఖాళీ వీధి. ఒక దీపపు స్తంభం. కింద ఎవరికీ చోటు వదలొద్దన్నాడు. ఎప్పుడూ ఒక కోటు పట్టేంత చోటు వదిలేవాణ్ణి కదా. వద్దన్నాడు."

అమ్మమ్మ కొలబద్ద అక్కడే మర్చిపోయి వచ్చేసింది.

తిన్నగా అల్లుడు సారు బల్ల దగ్గరికి పోయి నిలబడింది. మామూలుగా ఆయన పిలిస్తే తప్ప పోదు.

"సారూ, ఆ చివరి పేజీల అమ్మాయి ఉంటుంది కదా?"

"ఏ అమ్మాయి?" అన్నాడు ఆయన.

ఆయన వేళాకోళంగా అన్నాడో, నిజంగానే గుర్తు లేక అన్నాడో అమ్మమ్మ ఇప్పటికీ తేల్చుకోలేదు. "దీపాల అమ్మాయి" అంది.

"మీకు చీటీలే కదా పని. కథ నాది" అన్నాడు. తర్వాత కాగితాలు సర్దుకుంటూ, తలెత్తకుండా, "అన్నట్టు, పాత సంచికలు తిరగేస్తున్నాను. రచయిత రాయని మాటలు కొన్ని కనిపిస్తున్నాయి. ఎవరో చెయ్యి పెడుతున్నారు. కలయిక అయ్యాక అదీ చూడాలి" అన్నాడు.

అమ్మమ్మ వచ్చి కూర్చుని, "నువ్వు లేవు. ఎప్పుడూ లేవు" అని రాసింది. మార్చి రాద్దామంటే ఆయన సరిచూసుకుంటాడు. వంకరగా రాద్దామంటే చెయ్యి ఒప్పుకోలేదు. అలవాటు ప్రకారం అందంగానే వచ్చింది. కత్తిరించి ఇచ్చేసింది.

భోజనాల వేళ ఇనుప మెట్ల మీద కూర్చోవడం ఆఫీసులో అలవాటు. మామూలుగా అమ్మమ్మ పై మెట్టు మీద కూర్చుంటుంది, అందరి డబ్బాలూ కనిపిస్తాయని. ఆ రోజు కిందికి దిగి జిగురమ్మ పక్కన కూర్చుంది. జిగురమ్మ కాస్త జరిగింది.

"నీకు చదువు రాదు కదా?" అంది అమ్మమ్మ.

"రాదక్కా."

"బొమ్మలైతే కనిపిస్తాయి కదా?"

"కళ్ళున్నాయిగా."

"దీపాలక్క బొమ్మ ఉందా లోపల?"

జిగురమ్మ నమిలేది ఆపింది. "చెప్పకూడదు కదక్కా."

"ఉందో లేదో చెప్పడానికేం?"

"ఉంది. చివర్లో ఒక బొమ్మలో ఉంది. పెద్ద తెల్లగుడ్డలాంటిది కప్పుకుని ఒకాయన ఆమె ముందు నిలబడ్డాడు. బుడగ ఆయన నోటి దగ్గర. తర్వాతి పేజీలో ఎవరూ లేరు, దీపం ఉంది. దానికి చీటీ కూడా లేదు." మళ్ళీ నమలసాగింది. "ఎందుకక్కా, ఆమె నీకేమవుతుంది?"

నవ్వులాటకే అడిగింది. కానీ అమ్మమ్మకు ఏమైందో ఏమో, ఇంట్లో తాతయ్యకు కూడా చెప్పని సంగతి ఆ మెట్ల మీద, తను దొంగ అని రాసిపెట్టిన మనిషికి చెప్పేసింది. అక్క సంగతి, అక్క మాట, మొదటి కథ, చిన్న బుడగ. అక్క గొంతు ఇంకెక్కడా లేదని, ఫొటో ఒకటుంది గానీ ఫొటో మాట్లాడదని చెప్పింది. ఇప్పుడు ఆ దీపాలక్క ఎప్పుడూ లేనట్టయితే, ఆ మాట కూడా ఎవరూ ఎప్పుడూ అననట్టే కదా అంది.

జిగురమ్మ అంతా విని, డబ్బా మూత పెట్టి, చేతులు తుడుచుకుంది.

"నాకు చదువు రాదు కదక్కా" అంది. లేచి పోయింది.

అమ్మమ్మ అక్కడే ఉండిపోయింది. ఇంతకాలం దాచుకున్న గుట్టును ఏరికోరి వేగు చేతిలో పెట్టింది. రేపు పొద్దున్నే అల్లుడు సారు పిలిపిస్తాడు. ఉద్యోగం పోతుంది, దీపాలక్క ఎలాగూ పోతుంది.

మర్నాడు పొద్దున డబ్బా మూత మీద వెంట్రుక లేదు. తాళం వేసే ఉంది, కానీ అలాంటి చిన్న తాళాలు జడపిన్నుకు కూడా తెరుచుకుంటాయని అమ్మమ్మకు తెలుసు, తాళాల దుకాణంలోనే తెరిచి చూసి కొనుక్కుంది. చీటీలు తిరగేసింది. ఏది పోయిందో తెలియలేదు. ఏదో పోయింది. 'ఇదీ రుజువు. తీసుకుపోయి ఆయన ముందు పెట్టి ఉంటుంది' అనుకుంది.

అల్లుడు సారు పిలవలేదు. ఆ రోజూ పిలవలేదు, ఆ వారమూ పిలవలేదు. పిలవకపోవడం ఇంకా అనుమానంగా ఉంది. జిగురమ్మ మామూలుగానే వచ్చేది, "బాగున్నావా అక్కా" అనేది. అమ్మమ్మ "నాకేం?" అనేది. ఇంట్లో మనిషి సగమైంది. తాతయ్య ఏమైందంటే, "మీకెవరు చెప్పారు ఏదో అయిందని?" అని ఎదురు తిరిగేది.

అచ్చయిన కట్టలు వచ్చిన రోజు ఆఫీసంతా వాటి మీద పడింది. అమ్మమ్మ మాత్రం తన బల్ల దగ్గరే కూర్చుంది. చివరి పేజీ చూడకపోతే అది జరగనట్టే కదా అని ఒక పిచ్చి లెక్క. ముందు మేడల మాస్టారు నవ్వాడు. దగ్గు తెచ్చుకోలేదు, నేరుగానే నవ్వాడు. తర్వాత ముఖాలు గీసేవాడు. తర్వాత వెనక గది తలుపు ధడేల్‌మని తెరుచుకుంది. అమ్మమ్మ జీవితమంతా రాసిన ఆ మాట అచ్చం అలాగే ఉంటుందని అప్పుడే తెలిసింది.

"ఇద్దరూ ఇటు రండి" అన్నాడు అల్లుడు సారు.

బల్ల మీద సంచిక తెరిచి ఉంది. ఆకాశమంత చెరిపేవాడు. వెనక రెండు లోకాలు పగిలి మండుతున్నాయి. ముందు కోటు వేసుకున్న చిన్న మనిషి. లోకాలను తుడిచే గుడ్డను పైకెత్తి, ఆమె మీదకు వంగి, ఆ మహా శక్తి అంటున్న మాట: "ముందు ఏదైనా తిను, తర్వాత చూద్దాం."

పక్క పేజీలో ఖాళీ వీధి, వెలుగుతున్న దీపం. ఎవరూ లేరు. తినడానికి పోయినట్టుంది.

"ఈ రాత ఎవరిది?" అన్నాడు.

"నాదే" అంది అమ్మమ్మ.

"నేను ఇచ్చింది ఇదేనా?"

"మీరిచ్చింది రాసిచ్చాను సారూ. మీరు సరిచూసుకున్నారు."

"మరి ఇదెక్కడిది?"

అమ్మమ్మ నోరు తెరిచేలోపు జిగురమ్మ అంది, "నేనే అంటించాను సారూ. మీరు పెద్దాయన దగ్గరికి వెళ్ళిన రోజు ఆ చీటీ ఊడిపోయింది. ఖాళీగా ఉంటే బాగుండదు కదా, అక్క డబ్బాలోది ఒకటి తీసి పెట్టాను. ఎప్పుడూ చేసేదే. అన్నీ ఒకేలా ఉంటాయి నాకు."

"చదువు రాదా నీకు?"

"రాదనే కదా సారూ లోపల కూర్చోబెట్టారు."

ఆయన చెయ్యి చాపాడు. "ఊడిన చీటీ ఏది?" అన్నాడు.

జిగురమ్మ ఏప్రాను జేబులోంచి తీసి ఇచ్చింది. "అడుగుతారేమోనని దాచాను."

'నువ్వు లేవు. ఎప్పుడూ లేవు.' అల్లుడు సారు చదివి, పళ్ళు నూరి, బల్ల మీదకు విసిరాడు. అది బోర్లా పడింది. అమ్మమ్మ కళ్ళు అలవాటు ప్రకారం దాని మీదే ఉన్నాయి. చీటీ వీపు తెల్లగా ఉంది. నిండు తెలుపు. అంటించి ఊడినదానికి పసుపు మరక ఉండాలి, అంచులు గరగరలాడాలి. ఈ చీటీకి జిగురు ఎప్పుడూ తగల్లేదు. ఊడాలంటే ముందు అంటుకోవాలి కదా.

ఆ గదిలో అది చూసిన మనిషి అమ్మమ్మ ఒక్కతే. పుట్టి బుద్ధెరిగాక తప్పు కనిపిస్తే అడగకుండా ఊరుకోని మనిషి, చెయ్యి చాపి, చీటీని గుప్పిట్లోకి తీసుకుని, గుప్పిట మూసేసింది.

"జిగురు పాతదై ఉంటుంది సారూ" అంది. "ఈ ఎండలకు అన్నీ ఊడుతున్నాయి."

అల్లుడు సారు ప్రతులన్నీ వెనక్కి తెప్పిద్దామని పెద్దాయన ఇంటికి పరిగెత్తాడు. పెద్దాయన సంచిక చదివి, చివరి పేజీ రెండుసార్లు చూసి, "అచ్చయిందా?" అన్నాడట. అయిందన్నాడు. "అయితే జరిగింది. తిని వచ్చాక ఏమైందో చెప్పండి" అన్నాడట.

వచ్చే నెల చెరిపేవాడు గుడ్డ మడిచి పక్కన పెట్టి, దీపాలక్క తిని వచ్చేదాకా మెట్ల మీద కూర్చుని ఎదురుచూశాడు. పిల్లలు ఎగబడి కొన్నారు. ఆలోచన తనదేనని అల్లుడు సారు అందరికీ చెప్పుకున్నాడు, అందుకే మాటల్లో ఎవరు చెయ్యి పెట్టారన్న విచారణ మళ్ళీ ఎత్తలేదు. లోకం మాత్రం కొంత మారింది. గాలివాటం శత్రువులిద్దరు, ఒక వంతెన, నీడమనిషి కుక్క ఎప్పుడూ లేనట్టయిపోయాయి. కుక్క పోయినందుకు మేడల మాస్టారు చాలా రోజులు బాధపడ్డాడు. మేడలు కాకుండా ఆయన చేత గీయించిన ఒకే ఒక్క ప్రాణి అది.

అమ్మమ్మకు మాత్రం కొత్త బెంగ పట్టుకుంది. చదువు రాకపోతే ఇన్ని చీటీల్లో ఆ ఒక్క చీటీ ఎలా చేతికొచ్చింది? వస్తే, దొంగ అన్న చీటీ ఇన్నాళ్ళు డబ్బా మీద పెట్టుకుని ఎలా తిరిగింది? ఆ మనిషిని ఎన్నాళ్ళు అనుమానించిందో ఇప్పుడంతకంటే ఎక్కువ అనుమానించసాగింది, కాకపోతే ఇప్పుడు మంచిదేమోనని. నేరుగా అడగడానికి నోరు రాలేదు. భోజనాలప్పుడు పై మెట్టు మానేసి కింది మెట్టుకే పోయేది, ఏమీ అడగకుండా తినేది.

ఒక మధ్యాహ్నం జిగురమ్మ జిగురు డబ్బా తెచ్చి అమ్మమ్మ బల్ల మీద పెట్టింది. దాని మీది చీటీ మాసిపోయి, నలుపెక్కి, అయినా ఒక్క అక్షరం చెదరకుండా ఉంది.

"ఇది పాతబడిందక్కా. తడిపి తీసేస్తాను గానీ, కొత్తది ఒకటి రాసివ్వు."

"ఏమని రాయను?" అంది అమ్మమ్మ, ముఖం ఎటు పెట్టుకోవాలో తెలియక సిరాబుడ్డి వైపు పెట్టి.

"జిగురు అని" అంది జిగురమ్మ. "ఈసారైనా జిగురు అనే రాయి."

అమ్మమ్మ రాసింది. కత్తిరించింది. జిగురమ్మ అక్కడే నిలబడి, వెనక బ్రష్షు తిప్పి, అంటించి, వేలితో ఒత్తి, ఒకసారి చదువుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజునుంచి బిస్కెట్ల డబ్బాకు తాళం లేదు. వెంట్రుక మాత్రం సాయంత్రాలు పెడుతూనే ఉండేది. పొద్దున వచ్చి అది ఉందా లేదా చూసుకునేది. లేకపోతే, ఎందుకో, ఆ రోజంతా అమ్మమ్మ హుషారుగా ఉండేది.